ఏడాదికి ఒక రోజు, నాలుగు చాయ్‌లు

డిసెంబరు నెల పడిందంటే చాలు, మగవాళ్ళ వాట్సాప్ గ్రూపులకి ప్రాణం లేచొస్తుంది. ఎక్కడ కూర్చోవాలి, ఎవరి కారు, తలా ఎంత వేసుకోవాలి, తాగనివాడు ఎవడున్నాడు, వాడి చేత బండి నడిపించవచ్చా... ఇంట్లో కందిపప్పు నిండుకుందని మూడుసార్లు చెప్పినా గుర్తుండని మనిషికి ఈ లెక్కలన్నీ నోటి చివర ఉంటాయి. దానికో పేరు కూడా ఉంది, "ఇయర్ ఎండ్ సిట్టింగ్" అని. ఫలానా రోజు సిట్టింగ్ ఉందని ఇంట్లో చెబుతారు. గమనించండి, చెబుతారు. అడగరు.

మరి మన సంగతి? "ఒకసారి కలుద్దామే" అంటాం. "అవునే, ఎన్నాళ్ళయిందో" అని అటునుంచి సమాధానం. ఆ "ఒకసారి" ఎవరింట్లోనో పెళ్ళయితేనో, ఎవరైనా పోతేనో తప్ప రాదు. పెళ్ళిలో చీర గురించి, పరామర్శలో పోయినవాళ్ళ గురించి మాట్లాడుకుని వచ్చేస్తాం. మన గురించి మాట్లాడుకునే రోజు ఎక్కడుంది?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. స్నేహితురాళ్ళతో గడపడం తీరిక దొరికితే చేసే పని కాదు. దానికి సంక్రాంతికి ఉన్నట్టు, శ్రావణ శుక్రవారానికి ఉన్నట్టు, క్యాలెండర్లో ఒక తేదీ ఉండాలి. తేదీ లేని పండగని ఎవరూ చేసుకోరు.

ఈ ఆలోచనకి మూలం మా డిగ్రీ స్నేహితురాలు. తను డబ్లిన్‌లో ఉంటుంది. ఐర్లండులో డిసెంబరు వచ్చిందంటే "పన్నెండు పబ్బుల క్రిస్మస్" అని ఒక తంతు నడుస్తుందట. ఉన్ని స్వెట్టర్ల మీద జింకలూ మంచుబొమ్మలూ వేసుకుని స్నేహితులంతా గుంపుగా బయల్దేరతారు. ఒక పబ్బులో ఒక గ్లాసు, అక్కణ్ణించి ఇంకో పబ్బు, అలా పన్నెండు. ఒక్కో పబ్బుకి ఒక్కో నియమం. ఒకచోట ఎడమ చేత్తోనే గ్లాసు పట్టుకోవాలి, ఇంకోచోట ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. తప్పితే జరిమానా. పన్నెండో పబ్బు దాకా నిలబడేవాళ్ళు తక్కువే. ఈ గుంపుల గోల భరించలేక కొన్ని పబ్బులవాళ్ళు మా దగ్గరికి రావద్దని బోర్డులు కూడా పెడతారట.

అది కుర్రకారు వ్యవహారం. నాకు నచ్చింది తను చెప్పిన రెండో సంగతి. జనవరి 6న అక్కడ "నొల్లిగ్ న మాన్" అని ఒక రోజుంది. ఐరిష్ భాషలో ఆడవాళ్ళ క్రిస్మస్ అని అర్థం. పండగ పన్నెండు రోజులూ వండి, వడ్డించి, గిన్నెలు తోమి అలిసిపోయిన ఆడవాళ్ళకి ఆ చివరి రోజు సెలవు. ఇంటి పని మగవాళ్ళది. ఆడవాళ్ళు ఒకరింటికొకరు వెళ్ళి టీ తాగి, కేకు తిని, కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ముఖ్యంగా కార్క్, కెర్రీ ప్రాంతాల్లో ఈ ఆచారం బలంగా ఉండేది. మధ్యలో కొంత మరుగున పడి, ఈమధ్య మళ్ళీ ఊపందుకుంది. ఇప్పుడు ఆ రోజు పబ్బులూ హోటళ్ళూ ఆడవాళ్ళతో నిండిపోతాయట.

మా డబ్లిన్ స్నేహితురాలు ఏటా ఆ రోజు తన వీధిలోని ఐరిష్ ఆంటీలనీ, ఇద్దరు తెలుగమ్మాయిలనీ వెంటేసుకుని నాలుగు పబ్బులు తిప్పుతుంది. తను మందు ముట్టదు, నారింజరసమే. అయినా ఏర్పాట్లన్నీ తనవే. "తాగనిదాన్ని కాబట్టే లెక్క నాకు అప్పజెప్పారే" అంటుంది నవ్వుతూ.

ఇంకో మాట కూడా చెప్పింది. పాతకాలం ఐరిష్ పబ్బుల్లో ఆడవాళ్ళు అందరితోపాటు కూర్చోవడానికి ఉండేది కాదు. "స్నగ్" అని తలుపున్న చిన్న గది ఒకటి ఉండేది. తాగాలనుకున్న ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా అందులో కూర్చోవాలి. చాలా పబ్బుల్లో ఆడవాళ్ళకి పెద్ద గ్లాసు బీరు పోసేవారు కాదు, సగం గ్లాసే. 1970ల్లో నెల్ మెకాఫర్టీ అనే పాత్రికేయురాలు ముప్పైమంది దాకా ఆడవాళ్ళతో డబ్లిన్‌లో ఒక పబ్బుకి వెళ్ళి, అందరికీ బ్రాందీ తెప్పించి, ఆ తర్వాత ఒకే ఒక్క పెద్ద గ్లాసు బీరు అడిగిందట. ఇవ్వమన్నారు. "మేం అడిగిందంతా మీరు ఇవ్వలేదు కాబట్టి మేమూ డబ్బివ్వం" అని లేచి వచ్చేశారట. ఇలాంటి వివక్షని నిషేధిస్తూ అక్కడ చట్టం వచ్చింది 2000లో.

ఆ స్నగ్ గురించి విన్నప్పుడు నాకు మన ఇరానీ హోటళ్ళలో "ఫ్యామిలీ" అని రాసి ఉండే గదులు గుర్తొచ్చాయి. మేం కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదివిన మూడేళ్ళూ రోజూ ఇరానీ హోటళ్ళ ముందునుంచే నడిచాం. చాయ్ మరుగుతున్న వాసన వీధి చివరిదాకా వచ్చేది. గుమ్మం దగ్గర అంతా మగవాళ్ళే, సాసర్లో పోసుకుని తాగుతూ, పేపర్ చదువుతూ. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు మేం. వెళ్ళకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పాల్సిన అవసరమే పడలేదు.

అందుకని 2018లో మేం మొదలుపెట్టింది పబ్బుల చుట్టు కాదు, చాయ్ చుట్టు. 2020లో కరోనా వల్ల ఆగింది తప్ప ఏటా డిసెంబరు రెండో శనివారం మాది. మేం అయిదుగురం. నలుగురం డిగ్రీలో కలిసి చదువుకున్నవాళ్ళం, ఒకమ్మాయి మాలో ఒకరి చెల్లెలు. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో ఫోనుల్లో అందరం పేటల పేర్లతో ఉంటాం. ఉప్పల్ నేను. మిగతావాళ్ళు సైదాబాద్, అల్వాల్, మియాపూర్. మియాపూర్ చెల్లెలు కొండాపూర్.

రెండో శనివారమే ఎందుకంటే, అల్వాల్ బ్యాంకులో పని చేస్తుంది, ఆ రోజు బ్యాంకులకి సెలవు. ఇంకో కారణం నాది. పిల్లలూ మగవాళ్ళూ ఇంట్లో ఉన్న రోజునే మనం బయటికి వెళ్ళాలి. అందరూ ఆఫీసులకీ స్కూళ్ళకీ పోయాక వెళ్ళి, వాళ్ళు వచ్చేలోపు తిరిగొస్తే మనం వెళ్ళినట్టు ఇంటికి తెలియదు. తెలియాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఇల్లు వాళ్ళది. అన్నం వండి, కూరలు డబ్బాల్లో పెట్టి, మీద చీటీలు అంటించి వెళ్ళొద్దు. అలా వెళితే అది సెలవు కాదు, ముందురోజే డ్యూటీ చేసినట్టు.

మా దారి చెబుతాను, కావాలంటే మీరూ వెళ్ళవచ్చు. మొదటి చాయ్ సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో. అక్కణ్ణించి సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కి సుల్తాన్ బజార్‌లో దిగుతాం. రెండోది ఆబిడ్స్‌లో 1935 నాటి గ్రాండ్ హోటల్. మధ్యాహ్న భోజనం కూడా ఆ చుట్టుపక్కలే. మూడోది నడుచుకుంటూ వెళ్ళి మొజంజాహీ మార్కెట్ దగ్గర. ఇంట్లోవాళ్ళకి బిస్కెట్లు అక్కడే కొంటాం. నాలుగోది చార్మినార్ పక్కన, మక్కా మసీదు ఎదుట నిమ్రా కేఫ్. అది 1993లో పెట్టినదే అయినా అక్కడ నిలబడి ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుని తింటూ చార్మినార్‌ని చూడడం ఒక భాగ్యం. డికాషన్ వేరే, పాలు వేరే గంటల తరబడి కాచి కప్పులో కలుపుతారు కాబట్టి ఇరానీ చాయ్ చిక్కగా ఉంటుంది. నాలుగు కప్పులు నిండుగా తాగితే రాత్రి నిద్ర ఉండదు. అందుకే వన్ బై టూ చెప్పుకుంటాం.

డబ్లిన్ పద్ధతిలో మాకూ ప్రతి చోటా ఒక నియమం ఉంది. మొదటి హోటల్లో పిల్లల మార్కులు, ర్యాంకులు, కోచింగులు ఎత్తకూడదు. రెండో చోట "మా ఆయన", "మా అత్తగారు" అనే మాటలు నిషేధం. మూడో చోట ఫోన్లు అన్నీ ఒకే సంచిలో. నాలుగో చోట ఈ ఏడాది కేవలం తన కోసం చేసుకున్న పని ఒకటి ప్రతి ఒక్కరూ చెప్పాలి. తప్పినవాళ్ళు ఆ చోట బిస్కెట్ల ఖర్చు పెట్టుకోవాలి. నవ్వుకోడానికి పెట్టుకున్న నియమాలే కానీ, రెండో హోటల్లో మొదటి పది నిమిషాలు ఎవరూ నోరు విప్పలేకపోయాం మొదటి ఏడాది. ఆ రెండు మాటలూ తీసేస్తే మన దగ్గర మాటలు ఎన్ని మిగిలాయో తెలిసొచ్చింది. ఇప్పుడు ఆ హోటల్లోనే ఎక్కువసేపు కూర్చుంటాం.

డబ్బు సంగతి. తలా నెలకి 100 రూపాయలు అల్వాల్ దగ్గర వేస్తాం. ఏడాదికి 1,200, అయిదుగురికి 6,000. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో ఇంటి నుంచి రావడానికీ పోవడానికీ కొందరికి ఖర్చే లేదు. చాయ్‌లు, భోజనం, ఆటోలు, మెట్రో అన్నీ పోగా ఏటా ఎంతో కొంత మిగులుతుంది. ఆ మిగులు పంచుకోం. మాలో ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకోవచ్చు, ఎందుకని అడగకూడదు. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బు కాదు, పోపుల డబ్బాలో దాచిన డబ్బు కాదు. సంజాయిషీ చెప్పక్కర్లేని డబ్బు ఎంత చిన్నదైనా దాని బలం వేరు.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. దారి వేసుకునేటప్పుడు హోటళ్ళకంటే ముందు చూడాల్సింది బాత్రూములు. నాలుగు చాయ్‌లు తాగాక ఎక్కడికెళ్ళాలి? చాలా పాత హోటళ్ళలో ఆడవాళ్ళకి విడిగా ఉండదు. మెట్రో స్టేషన్లు, భోజనం చేసే హోటలు, వీటిని చూసుకునే మా దారి గీసుకున్నాం. మన ఊళ్ళు ఎవరి కోసం కట్టారో తెలుసుకోవాలంటే ఆడవాళ్ళు అయిదుగురు ఒక రోజు తిరిగితే చాలు.

2022లో కొండాపూర్ ఒక ప్రతిపాదన పెట్టింది. "ఎన్నేళ్ళు అక్కా ఈ చాయ్? డబ్లిన్ అక్కలాగా మనమూ ఈసారి పబ్‌కి పోదాం. తాగేవాళ్ళు తాగుతారు, లేనివాళ్ళు మాక్‌టెయిల్ తాగుతారు." అందులో తప్పేముంది? నాకైతే ఏమీ కనిపించలేదు. నేను తాగను. కానీ ఒక ఆడమనిషి గుణాన్ని ఆమె చేతిలో గ్లాసుని బట్టి తూచేవాళ్ళంటే నాకు గౌరవం లేదు. అలాగని తాగడమే సమానత్వం అన్నా ఒప్పుకోను. మియాపూర్ సరే అంది, అల్వాల్ కూడా సరే అంది. సైదాబాద్ మాత్రం "మీరెళ్ళండి, నాకు ఆ రోజు వీలు కాదు" అని పెట్టింది.

రెండో శనివారం ఆమెకి వీలు కాకపోవడం ఏమిటని ఫోన్ చేశాను. కాసేపు పిల్లల గురించి మాట్లాడి, చివరికి అంది. "ఆ వాసన మా ఇంట్లో రోజూ ఉంటుందే. ఏడాదికి ఒక్క రోజు అది లేని చోటికి వస్తున్నాను. అదీ పోతే ఎట్లా?"

ఆమె అనుమతితోనే ఆ మాట మిగతావాళ్ళకి చెప్పాను. కొండాపూర్ ఒక్క ముక్క వాదించలేదు. "చాయే తాగుదాం అక్కా" అంది. పబ్‌కి తను వేరే స్నేహితులతో వెళ్ళింది, ఫోటోలు కూడా పంపింది, చూసి ముచ్చటపడ్డాం. ఆ రోజు నుంచి మా దారికి పెద్ద నియమం ఒకటే. అయిదుగురిలో ఎవరికి రావడం కష్టమో వాళ్ళని బట్టి చోటు ఎంచుకోవాలి. సరదా అనేది ఎక్కువమంది ఓట్లతో తేల్చే విషయం కాదు. ఒకర్ని ఇంట్లో వదిలి వెళ్ళే సరదా మామూలు షికారు, అంతే.

ఆ ఏడాది ఆబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్‌కి నడిచే పావుగంటలో సైదాబాద్ తన నగలు చాలావరకు తాకట్టులో ఉన్న సంగతి అల్వాల్‌కి చెప్పింది. ముందు వెళ్తున్న మా ముగ్గురికీ తెలియదు. హోటల్లో బల్ల చుట్టూ కూర్చుంటే గొంతు పెద్దదాన్నే అందరూ వింటారు. నడిచేటప్పుడు ఇద్దరిద్దరుగా విడిపోతాం, మొహంలో మొహం పెట్టి చూసుకోనక్కర్లేదు, చెప్పలేని మాట అప్పుడే బయటికొస్తుంది. కూర్చునే పార్టీకంటే తిరిగే చుట్టు మేలని నేననడానికి అసలు కారణం ఇదే. బ్యాంకు మనిషి కాబట్టి అల్వాల్ ఏం చెయ్యాలో చెప్పింది. మిగిలిన నాలుగు నగలూ ఇప్పుడు సైదాబాద్ పేరు మీద లాకర్లో ఉన్నాయి. కిందటేడు కూతురి పరీక్ష ఫీజుకి మా మిగులు డబ్బు తీసుకుంది. ఎందుకని మేం అడగలేదు, తనే చెప్పింది.

కిట్టీ పార్టీలు ఉన్నాయిగా అంటారు కొందరు. ఉన్నాయి. కాదనను. కానీ కిట్టీ ఎవరో ఒకరింట్లో జరగాలి. ఆ నెల ఆ ఇల్లాలికి అది ఇంకో పెళ్ళిచూపులు. కర్టెన్లు ఉతకాలి, పది రకాలు వండాలి, అందరూ వెళ్ళాక సింకు నిండా గిన్నెలు. చాయ్ చుట్టులో ఇల్లాలు ఎవరూ లేరు. కప్పు కడిగేది మనం కాదు. ఈ ఒక్క కారణం చాలదూ?

"టీ ఇంట్లో లేదా అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు మొదటి ఏడాది. ఆవిడ అన్నదాంట్లో వెటకారం లేదు, నిజంగానే అర్థం కాలేదు. నేను ఆవిడనే అడిగాను, చిన్నప్పుడు అట్లతద్దికి ఏం చేసేవారని. ఇక చూడండి. ఆశ్వయుజ బహుళ తదియ తెల్లవారుజామున లేచి, గోంగూర పచ్చడి, పెరుగన్నం తిని, చీకట్లో వీధుల్లో ఆటలు, చెట్టుకి ఉయ్యాలలు... గంటసేపు చెప్పారు. "ఉయ్యాల ఇంట్లో లేదా అత్తయ్యా?" అన్నాను. నవ్వేశారు. ఇప్పుడు రెండో శనివారం కూర ఆవిడ అబ్బాయి చేత చేయిస్తారు, పక్కన కుర్చీ వేసుకుని.

ఇది పాశ్చాత్య పోకడ అనేవాళ్ళకి నా సమాధానం కూడా అదే. ఆడవాళ్ళు ఏడాదిలో ఒక రోజు గుంపుగా వీధిలోకి రావడం మనకి కొత్త కాదు. కోస్తాలో అట్లతద్ది ఉంది. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులు. ఐర్లండు వాళ్ళకి జనవరి 6 ఉన్నట్టే వీటన్నిటికీ తిథి ఉంది, అందుకే బతికాయి. "ఖాళీ చూసుకుని ఉయ్యాల ఊగండి" అని మన పెద్దవాళ్ళు చెప్పి ఉంటే ఈపాటికి ఉయ్యాల అనే మాటే మర్చిపోయేవాళ్ళం. అపార్ట్‌మెంట్లలోకి వచ్చాక ఆ వీధి పోయింది, చెట్టు పోయింది, పక్కింటి అమ్మాయి పోయి ఫ్లాట్ నంబరు మిగిలింది. పోయినదాని చోట ఏదో ఒకటి మనమే కట్టుకోవాలి.

మీది హైదరాబాద్ కావక్కర్లేదు. విజయవాడలో పుణుగుల బండ్లు, రాజమండ్రిలో గోదావరి గట్టు, వరంగల్‌లో గుళ్ళు, ఏదైనా సరే. ముగ్గురుంటే చాలు. మూడు చోట్లయినా చాలు. కావాల్సినవి మాత్రం నాలుగు: మారని తేదీ ఒకటి, నెలనెలా కొంచెం డబ్బు, ఎవరిల్లూ కాని దారి, అందరూ రాగలిగే చోటు. ఇంట్లో "వెళ్ళొచ్చా" అని కాకుండా "వెళ్తున్నాను" అని చెప్పండి. మొదటి ఏడాది నాలిక కొంచెం తడబడుతుంది. రెండో ఏడాది వాళ్ళే "మీ చాయ్ రోజు ఎప్పుడు?" అని అడుగుతారు.

ముందు క్యాలెండర్ తీసి ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టండి. తర్వాత ఫోన్ చేయండి. మొదటి ఫోన్ గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషికి చేయండి.